బాల్ పైథాన్‌కి కింద ఏం పరవాలి? మంచి వాసన వచ్చే చెక్క పొట్టు వాడొచ్చా?

నిద్రపట్టని_బల్లి

హాయ్ అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం వచ్చి రాస్తున్నా, కాస్త పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి. త్వరలో మా ఇంటికి ఒక బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) పిల్ల వస్తోంది. ట్యాంక్ రెడీగా ఉంది, అద్దం ట్యాంక్, పైన జాలీ మూత, ఒక పక్క అడుగున హీట్ మ్యాట్, దాక్కోడానికి వేడి వైపు ఒక డబ్బా చల్ల వైపు ఒక డబ్బా, నీళ్ల గిన్నె, అన్నీ అయిపోయాయి. కింద ఏం పరవాలి అన్న దగ్గరే ఆగిపోయా. ఒకళ్ళు ఇసుక అంటారు, ఇంకొకళ్ళు ఇసుక వేస్తే పేగుల్లో అడ్డంపడి చచ్చిపోతుంది అంటారు, కొబ్బరి పొట్టు బెస్ట్ అని ఒకరు, దానికి బూజు పడుతుందని ఇంకొకరు, న్యూస్‌పేపర్ చాలు అనేవాళ్ళు, న్యూస్‌పేపర్ వేసేవాళ్ళకి అసలు పాముల మీద ప్రేమే లేదనేవాళ్ళు... వీడియోలు చూసేకొద్దీ ఉన్న క్లారిటీ కూడా పోతోంది.

ఇప్పుడు అసలు డౌట్. మా ఫ్రెండ్ వాళ్ళ కుందేలు కోసం కొన్న చెక్క పొట్టు బస్తా ఒకటి సీల్ తియ్యకుండానే మిగిలిపోయిందట, నాకు ఇచ్చేశాడు. సీల్ ఉన్నా సరే, దగ్గరికెళ్తే కొత్త చెక్క బీరువా తలుపు తీసినట్టు ఘుమఘుమలాడిపోతోంది. కవర్ మీద పెద్దక్షరాల్లో సహజ సువాసన, దుర్వాసన రానివ్వదు అని ఉంది, వెనకాల చిన్నగా సీడార్ అని ఉంది. వాసన రాదంటే మంచిదే కదా అనిపిస్తోంది, కానీ ఎక్కడో అనుమానంగా కూడా ఉంది. వాడొచ్చా? వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పండి, ఊరికే వద్దంటే ఫ్రెండ్ ఒప్పుకోడు.

కుబుసాల_కలెక్షన్

ఆ సీల్ తియ్యకండి, ఇంకొకరికి ఇవ్వకండి కూడా. సీడార్ పాముకే కాదు, చిన్న జంతువులు వేటికీ పనికిరాదు. పాము వచ్చిన కొత్తలో మామూలు తెల్ల పేపర్ టవల్ రెండు మూడు పొరలు వెయ్యండి, చాలు, మిగతాది తర్వాత ఆలోచించుకోవచ్చు. ఎందుకు వద్దు అన్నది పంతులుగారు వచ్చి చెప్తారు, ఈ టాపిక్ కనిపిస్తే ఆయన ఆగరు.

పొలుసుల_పంతులు

వచ్చేశా.

చెక్కకి ఆ ఘుమఘుమ ఎక్కడిదంటే దాంట్లో ఉండే ఆవిరయ్యే నూనెలది, ఫినాల్ జాతి రసాయనాలది. చెట్టు అవి తయారుచేసుకునేదే పురుగులూ ఫంగసూ దగ్గరికి రాకుండా. అంటే మనకి సువాసన అనిపించేది అసలు ఆ చెట్టు కాపలా మందు. వెస్టర్న్ రెడ్ సీడార్‌లో ప్లికాటిక్ యాసిడ్ అని ఒకటుంది, ఆ చెక్క కోసే మిల్లుల్లో పనిచేసేవాళ్ళకి దానివల్ల ఆస్తమా వస్తుందన్నది డాక్టర్లకి బాగా తెలిసిన విషయం. ఇంకో రకం రెడ్ సీడార్ ఉంది, అది నిజానికి జునిపర్ జాతి చెట్టు, దాని నూనె వేరు కానీ అదీ ఘాటైనదే. సరే, మిల్లులో మనిషి నిలబడి గాలి పీలుస్తాడు, డ్యూటీ అయ్యాక ఇంటికెళ్ళిపోతాడు. పాము ముక్కు 24 గంటలూ ఆ పొట్టులోనే ఉంటుంది, అదీ మూతేసిన ట్యాంక్‌లో, కింద హీట్ మ్యాట్ వేడికి నూనెలు ఇంకా ఎక్కువ ఆవిరవుతూ ఉంటే. పైగా పాముకి మనలా డయాఫ్రం కండరం లేదు, గట్టిగా దగ్గి కఫాన్ని బయటికి తోసెయ్యలేదు, ఊపిరితిత్తుల్లోకి ఏది పోయినా లోపలే కూర్చుంటుంది. అందుకే ఇవి శ్వాస ఇన్ఫెక్షన్లకి అంత తేలిగ్గా పడిపోతాయి.

మీ ఫ్రెండ్‌కి ఇంకో ముక్క చెప్పండి. 1967లోనే ఎలుకల మీద చూశారు. మత్తుమందు ఇచ్చిన ఎలుకలు సీడార్ పొట్టు మీద పెంచినవైతే తొందరగా మేలుకున్నాయి, ఎందుకంటే ఆ చెక్క ఆవిర్లకి వాటి లివర్‌లో ఎంజైములు పెరిగిపోయి మందుని గబగబా విరగ్గొట్టేశాయి. అంటే ఊరికే పొట్టు మీద పడుకున్నందుకే లివర్ మీద పని పడింది. అది ఎలుకల సంగతి, పాముల మీద చేసింది కాదు, నిజమే, కానీ వాసన లేని పొట్టు దొరుకుతున్నప్పుడు మన పాము మీద ఆ ప్రయోగం ఎందుకు?

ఇక ఏం వెయ్యాలి అన్నది. అందరూ ఏ బెడ్డింగ్ మంచిది అని అడుగుతారు, ముందు అడగాల్సింది ఏ పాము అని. దానికి ఎంత తేమ కావాలి, అది లోపలికి దూరే రకమా పైన తిరిగే రకమా, ఈ రెండూ తెలిస్తే సగం లిస్ట్ దానంతటదే పోతుంది. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్ లాంటి వాటికి 40 నుంచి 60 శాతం తేమ చాలు, వాటికి ఆస్పెన్ పొట్టు అద్భుతం. ఆస్పెన్‌లో ఆ నూనెలు ఉండవు, దుమ్ము తక్కువ, పైగా సొరంగం తవ్వితే కూలిపోకుండా నిలబడుతుంది, కార్న్ స్నేక్ దాంట్లోంచి తల ఒక్కటే బయటపెట్టి చూస్తూ ఉంటుంది, చూడ్డానికే బాగుంటుంది. హాగ్‌నోజ్ అయితే ఇంకా పొడిగా ఉండాలి, కానీ తవ్వడం దాని పుట్టుక పని, కనీసం 10 సెంటీమీటర్ల లోతు ఇవ్వాలి, 15 ఇస్తే ఇంకా సంతోషం. అదే రెయిన్‌బో బోవా అయితే ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, ఆస్పెన్ వేశారంటే వారం తిరక్కముందే బూజు.

మీ బాల్ పైథాన్ మధ్యలో ఉంటుంది, కొంచెం తడి వైపుకి. దాని సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి నేలలు. గడ్డి నేల అనగానే ఎండుగా ఉంటుందనుకుని పొడి ట్యాంక్‌లో పెట్టేస్తారు చాలామంది, కానీ అది పగలంతా ఉండేది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో. అక్కడ గాలి బయటికన్నా బాగా చెమ్మగా ఉంటుంది. అందుకే 55 నుంచి 70 శాతం మధ్యలో ఉంచాలి, కుబుసం విడిచే టైమ్‌లో ఇంకాస్త పైన ఉన్నా పర్లేదు. దీనికి కొబ్బరి డొక్కు ముక్కలు గానీ సైప్రస్ మల్చ్ (ఆ చెట్టు చెక్క తురుము) గానీ వెయ్యండి. రెండూ తడి పట్టుకుంటాయి, తొందరగా బూజు పట్టవు.

మూడో_కన్ను

పంతులుగారూ అన్నీ ఒప్పుకుంటా, కానీ ఒక డౌట్. సువాసన చెక్క అంటూ మీరు కోనిఫర్లన్నిటినీ (పైన్, సీడార్ లాంటి శంకువులు కాసే చెట్లు) తీసేస్తున్నారు, మళ్ళీ చివర్లో సైప్రస్ వెయ్యమంటున్నారు. సైప్రస్ కూడా కోనిఫరే కదా? మరి పైన్ ఏం పాపం చేసింది? కిల్న్‌లో ఆరబెట్టిన పైన్ పొట్టు మీద కార్న్ స్నేక్స్‌ని పెంచేవాళ్ళు నాకు చాలామంది తెలుసు, వాటికి ఏమీ కాలేదు.

పొలుసుల_పంతులు

మంచి ప్రశ్న, తప్పించుకోను. కోనిఫర్ అన్నంత మాత్రాన విషం కాదు, లోపల ఏ నూనెలు ఎంత ఉన్నాయన్నదే లెక్క. సైప్రస్ మల్చ్‌ని పాములు పెంచేవాళ్ళు చాలా ఏళ్లుగా వాడుతున్నారు, సీడార్‌తో వచ్చే గొడవలు దాంతో కనపడలేదు, అందుకే ధైర్యంగా చెప్తా. పైన్ అయితే ఆరబెట్టే వేడికి ఆవిరయ్యే నూనెలు చాలావరకు పోతాయి, నిజమే, కానీ అబియెటిక్ యాసిడ్ లాంటి జిగురు ఆమ్లాలు పోవు, పైగా ఏ బస్తా ఎంత ఆరబెట్టారో మనకి చూస్తే తెలీదు. కాబట్టి పైన్‌ని సీడార్‌తో సమానంగా తిట్టను, అలాగని కొత్తవాళ్ళకి చెప్పను కూడా. ఆస్పెన్ ఉండగా పైన్ కోసం వాదించుకోవడం అనవసరం అని నా ఉద్దేశం.

సైప్రస్ విషయంలో ఒక్క జాగ్రత్త, తోటలకి వేసే మల్చ్ బస్తాల్లో వేరే చెక్కలు కలిపేస్తారు, రంగు కూడా వేస్తారు. వంద శాతం సైప్రస్, రంగు లేదు, ఎరువు లేదు అని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి. కార్పెంటర్ దగ్గర ఫ్రీగా దొరికే రంపపు పొట్టు కూడా ఇందుకే వద్దంటా, ఏ చెక్కో తెలీదు, ప్లైవుడ్ జిగురు ఉంటుంది, ట్రీట్‌మెంట్ చేసిన చెక్క అయితే అదో మందు, అన్నిటికన్నా ఆ సన్న దుమ్ము.

నిద్రపట్టని_బల్లి

అమ్మో, చాలా థ్యాంక్స్ అండి. ఫ్రెండ్‌కి ఎలుకల కథ చెప్పా, బస్తా చెత్తలోకి పోయింది. ఇప్పుడు రెండు డౌట్లు. ఒకటి, పేపర్ టవల్ ఎన్నాళ్ళు వెయ్యాలి, దాని మీద పాముకి బోర్ కొట్టదా, దాక్కోడానికి ఏమీ ఉండదు కదా? రెండు, ఖాళీ ట్యాంక్‌లో హైగ్రోమీటర్ పెట్టి చూశా, 40 కూడా దాటట్లేదు, నీళ్లు స్ప్రే చేస్తే 80కి ఎగురుతోంది, గంటలో మళ్ళీ మామూలే. కొబ్బరి ముక్కలు వేస్తే ఇది సరిపోతుందా?

కుబుసాల_కలెక్షన్

పేపర్ గురించి నేను చెప్తా. కొత్త పాము వచ్చినప్పుడు దాని లోపల ఏం ఉందో మనకి తెలీదు. తెల్ల పేపర్ మీద అయితే అన్నీ కనిపిస్తాయి, రెట్ట ఎలా ఉంది, గట్టిగా ఉందా నీళ్లలా ఉందా, రక్తం ఉందా, యూరేట్స్ (గట్టిపడిన మూత్రం) తెల్లగా ఉన్నాయా, తిన్నది కక్కేసిందా, నల్ల చుక్కల్లా మైట్స్ (రక్తం తాగే చిన్న పురుగులు) తిరుగుతున్నాయా. ముదురు రంగు పొట్టులో ఇవేవీ కనపడవు. అందుకే ఒకట్రెండు నెలలు పేపర్, ఈలోపు వెట్‌తో రెట్ట పరీక్ష చేయించండి, వరసగా బాగా తింటోంది, రెట్ట బాగుంది, మైట్స్ లేవు అనుకున్నాక మార్చండి. ఇంట్లో వేరే పాములు ఉంటే దాన్ని వేరే గదిలో ఉంచి ఇంకొన్నాళ్ళు పొడిగించాలి. గాయం ఉన్నా, ఆపరేషన్ అయినా మళ్ళీ పేపరే, పొట్టు ముక్కలు పుండులోకి పోకుండా.

బోర్ అంటారా, పేపర్‌ని గట్టిగా పరిచేయకుండా కొన్ని షీట్లు నలిపి వదులుగా వెయ్యండి, కిందికి దూరుతుంది. దాక్కునే డబ్బాలు మాత్రం బిగుతుగా ఉండాలి, చుట్టుకుంటే ఒళ్ళు గోడలకి తగలాలి. న్యూస్‌పేపర్ కూడా పర్లేదు, ఇంక్ ఆరిపోయి ఉండాలి అంతే, కానీ తెల్లదాంట్లో మైట్స్ బాగా కనిపిస్తాయి కాబట్టి నా ఓటు టవల్‌కే. సెంటు కలిపిన టిష్యూలు వద్దు.

తేమ_శాతం

రెండో డౌట్‌కి నేను. నా పేరు చూశారుగా.

మీ ప్రాబ్లం బెడ్డింగ్ కన్నా ముందు ఆ జాలీ మూత. వేడి గాలి పైకి పోతూ ఉన్న తేమనంతా పట్టుకుపోతుంది, కింద ఏం వేసినా అదే కథ. మూతలో మూడొంతుల దాకా అల్యూమినియం ఫాయిల్‌తోనో ప్లాస్టిక్ షీట్‌తోనో మూసెయ్యండి, మిగతాది గాలికి వదిలెయ్యండి. పైన బల్బు ఉంటే దాని దగ్గర ప్లాస్టిక్ పెట్టకండి, కరుగుతుంది. నీళ్ల గిన్నె వెడల్పుది తీసుకోండి. ఈ రెండిటికే చాలామందికి పది పదిహేను శాతం పెరుగుతుంది.

స్ప్రే చెయ్యడం మానెయ్యండి. స్ప్రే చేస్తే పైపొర తడుస్తుంది, కింద ఎండుగా ఉంటుంది, పాము పడుకునేది తడిసిన పైపొర మీద. మనకి కావాల్సింది దానికి ఉల్టా, కింద చెమ్మ, పైన పొడి. కొబ్బరి ముక్కలు 7, 8 సెంటీమీటర్ల మందంగా వేసి, ఎప్పుడైనా తేమ తగ్గితే ఒక మగ్గుతో ట్యాంక్ మూలల్లో నెమ్మదిగా నీళ్లు పొయ్యండి, అది అడుగుకి దిగి అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పైకి ఆవిరవుతుంది, 80కి ఎగరడం 40కి పడటం ఉండదు. పోశాక పైపొర చేత్తో ముట్టుకుంటే చెయ్యి తడవకూడదు. నిరంతరం తడిలో పొట్ట ఆనించి పడుకుంటే స్కేల్ రాట్ వస్తుంది, పొట్ట కింది పొలుసులు ముందు గోధుమ రంగులోకో ఎర్రగానో మారతాయి, తర్వాత నీటి పొక్కుల్లా లేస్తాయి. అది కనిపిస్తే వెంటనే పేపర్ మీదకి మార్చి వెట్ దగ్గరికి. మరీ పొడిగా ఉన్నా కష్టమే, కుబుసం ఒక్క చొక్కాలా రాకుండా ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కంటి మీద పొర ఉండిపోతుంది, దాన్ని గోరుతోనో ట్వీజర్‌తోనో లాగారో కన్ను పోతుంది.

కొబ్బరిలో మూడు రకాలు దొరుకుతాయి. డొక్కు ముక్కలు, పీచు, సన్న పొడి. పొడి ఒక్కటే వేస్తే ఆరినప్పుడు దుమ్ము లేచి ముక్కుల్లోకి నోటి అంచుల్లోకి పోతుంది, ముక్కలు ఒక్కటే వేస్తే నీళ్లు తొందరగా దిగిపోతాయి. ముక్కలు ఎక్కువ, పొడి తక్కువ కలుపుకుంటే సరి. ఇటుకలా నొక్కినవి కొంటే ఒక 650 గ్రాముల ఇటుక దాదాపు 4 లీటర్ల నీళ్లు తాగి ఉబ్బుతుంది, అలా ఉబ్బినదాన్ని అలాగే ట్యాంక్‌లో పోసెయ్యకండి, అది బురద. పిండి, పరిచి ఆరబెట్టి, గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి కానీ చుక్క నీరు కారకూడదు, అప్పుడు వెయ్యండి. మొక్కల కోసం అమ్మే కొబ్బరి పొట్టు అయితే ఒక్కోసారి ఉప్పు ఉంటుంది, ఎరువు కూడా కలుపుతారు. ఎరువు ఉంటే వద్దు, ఉప్పు అనుమానం ఉంటే రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగేయండి.

పేపర్ మీద ఉన్నన్నాళ్ళు తేమ కోసం ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి పక్కన కంత పెట్టి లోపల తడిపి పిండిన స్ఫాగ్నం మాస్ (తడి బాగా పట్టుకునే నాచు) వెయ్యండి. కుబుసం టైమ్‌లో దాంట్లోంచి బయటికి రాదు. మాస్ ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, స్పోరోత్రిక్స్ అనే ఫంగస్ దాంట్లో ఉండొచ్చు, చేతి మీద గీరుకుపోయిన చోట్ల నుంచి మనకి ఎక్కుతుంది, తోటపని చేసేవాళ్ళకి వచ్చే జబ్బే.

ఫ్యూజ్_పోయిన_బల్బ్

ఎవరూ హీట్ మ్యాట్ గురించి మాట్లాడట్లేదేంటి? 8 సెంటీమీటర్ల మందం పొయ్యమన్నారు బానే ఉంది, ఆయన కింద మ్యాట్ ఉందన్నాడు మొదటి పోస్ట్‌లోనే. మందంగా పరిస్తే వేడి పైకి రాదు, అద్దానికీ పొట్టుకీ మధ్య పేరుకుంటుంది. పైన థర్మామీటర్ 27 చూపిస్తుంది, అయ్యో చల్లగా ఉందని మ్యాట్ పెంచుతారు, పాము వేడి కోసం కిందికి దూరి అద్దం మీద పడుకుంటుంది, అక్కడ 45 ఉండొచ్చు. పాములు పొట్ట కింద కాలుతున్నా వెంటనే లేచి పోవు, కాలిన మచ్చలు తర్వాత కనిపిస్తాయి.

థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ ప్లగ్ పెట్టకండి, దీనికి ఎక్సెప్షన్ లేదు. దాని ప్రోబ్ (వేడి కొలిచే వైరు కొన) పొట్టు పైన కాదు, కింద అద్దం మీద, పాము తవ్వుకుని చేరగలిగే అత్యంత వేడి చోట ఉండాలి, 32 దగ్గర సెట్ చెయ్యండి. మందంగానే పరవాలనుకుంటే వేడి పైనుంచి ఇవ్వండి, సెరామిక్ ఎమిటరో హాలోజెన్ బల్బో, అదీ థర్మోస్టాట్‌తోనే, పాము చుట్టుకోకుండా చుట్టూ జాలీ పెట్టి. అప్పుడు మ్యాట్ తీసేయొచ్చు. పైనుంచి వేడి ఇస్తే తేమ ఇంకాస్త తొందరగా పోతుంది, ఆ సంగతి తేమ_శాతం గారు చూసుకుంటారు.

తేమ_శాతం

కరెక్ట్, మ్యాట్ మాట నేను చెప్పాల్సింది మీరు చెప్పారు. వేడి వైపు పలచగా, చల్ల వైపు మందంగా వేసేవాళ్ళు కూడా ఉన్నారు కానీ పాము రాత్రికి రాత్రే అంతా కలిపేస్తుంది, నమ్మకం లేదు.

ఎడారి_దొర

ఇంత గొడవ దేనికి, రెప్టైల్ కార్పెట్ వేస్తే ఒకటే పని, తీసి ఉతుక్కోవచ్చు. లేదా కాల్షియం ఇసుక, ప్యాకెట్ మీదే తిన్నా అరుగుతుందని ఉంటుంది, చూడ్డానికి కూడా నీట్‌గా ఉంటుంది.

పొలుసుల_పంతులు

దొరగారూ, ప్యాకెట్ మీద రాసినవన్నీ నిజమైతే ఆ సీడార్ బస్తా కూడా మంచిదే కావాలి.

కాల్షియం ఇసుక తడి తగిలితే గడ్డకడుతుంది, కడుపులో కూడా అంతే. కాల్షియం కార్బొనేట్ కడుపులో యాసిడ్‌ని కూడా చంపుతుంది, పామేమో మొత్తం ఎలుకని ఎముకలతో సహా ఆ యాసిడ్‌తోనే అరిగించుకోవాలి. మొక్కజొన్న కండె ముక్కలు, వాల్‌నట్ పెంకు పొడి కూడా ఇదే లిస్ట్‌లో పెట్టుకోండి. కండె ముక్కలు తడిసి ఉబ్బుతాయి, బూజు పడతాయి, వాల్‌నట్ అంచులు కోసుకుపోతాయి. కార్పెట్ అయితే ఉతికినా పోగుల మధ్య బ్యాక్టీరియా మిగిలిపోతుంది, పాము ఎలుకని పట్టుకునేటప్పుడు పళ్ళు ఆ పోగుల్లో ఇరుక్కుని ఊడొస్తాయి, తేమ అస్సలు ఆపదు. సొరంగం లేదు, దాక్కునేది లేదు, సుఖం మనకే.

ఇంపాక్షన్ (మింగింది పేగుల్లో అడ్డంపడటం) భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది చెప్పి కొత్తవాళ్ళని పేపర్ దాటనివ్వరు కొందరు. ఆరోగ్యంగా, సరైన వేడిలో, నీళ్లు తాగే పాము ఎలుకతో పాటు ఒకట్రెండు కొబ్బరి ముక్కలో ఆస్పెన్ పొట్టో మింగితే మామూలుగా రెట్టలో వచ్చేస్తుంది. అడ్డంపడే కేసుల్లో ఎక్కువగా వేడి తక్కువైనా ఉంటుంది, ఒంట్లో నీళ్లు తక్కువైనా ఉంటుంది. అలాగని కావాలని తినిపించక్కర్లేదు. ఫ్రీజర్ నుంచి తీసి కరిగించిన ఎలుకని బాగా తుడిచి ఆరబెట్టి ఇవ్వండి, తడి బొచ్చుకే పొట్టు అంటుకునేది, కింద ఒక పలకో వెడల్పు ప్లేటో పెట్టండి. తినిపించడానికి వేరే డబ్బాలోకి మార్చే అలవాటు బాల్ పైథాన్‌కి పెద్ద మేలు చెయ్యదు, అసలే బిడియం జీవి, కదిపితే తినడం మానేస్తుంది, తిన్నాక ఎత్తితే కక్కేస్తుంది. వెనక మూడో వంతు ఒంట్లో గట్టి ఉబ్బు, రెట్ట లేకపోవడం, ముక్కడం కనిపిస్తే వెట్ దగ్గరికే, ఇంట్లో నూనెలు పట్టించే వైద్యాలు చెయ్యకండి.

మట్టి_మిత్ర

బయోయాక్టివ్ (లోపలి చిన్న జీవులే శుభ్రం చేసే ట్యాంక్) అని ఒకరైనా అంటారేమో అని చూస్తున్నా, ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే. ఎరువులూ పెర్లైటూ లేని మట్టి, కొబ్బరి పొడి, కొంచెం ఇసుక కలిపి, అడుగున మట్టి గోళీలు పోసి, పైన ఎండుటాకులు, లోపల స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్స్ అనే చిన్న చిన్న నేల జీవులు. బూజునీ చిన్న చిన్న రెట్ట మిగుళ్ళనీ అవే తినేస్తాయి. కానీ బాల్ పైథాన్ రెట్ట చిన్నది కాదు, పెద్దది మనమే తియ్యాలి, మొత్తం క్లీనింగ్ ఉండదనుకుని మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే నిరాశపడతారు. మొక్కలు కూడా అది తొక్కి చంపేస్తుంది, గట్టివి వెయ్యాలి. బల్లి గారూ, మీకు ఇప్పుడే వద్దు, ముందు పామునీ తేమనీ అర్థం చేసుకోండి, ఏడాది తర్వాత రండి మాట్లాడుకుందాం. ఆకులు బయటినుంచి తెస్తే పురుగుమందు కొట్టని చోటివి అయి ఉండాలి, ఓవెన్‌లో 100 డిగ్రీల పైన అరగంట పెట్టాలి, దగ్గరే ఉండండి.

మూడో_కన్ను

క్లీనింగ్ అన్నారు కాబట్టి, ఫినాయిల్ మాట ఎవరైనా చెప్పారా? బెడ్డింగ్‌లో ఫినాల్ వద్దని ఇంత చెప్పుకుని ట్యాంక్‌ని ఫినాయిల్‌తో కడిగితే అదే విషం వేరే దారిలో వెళ్తుంది. పైన్ నూనె ఉన్న ఫ్లోర్ క్లీనర్లు కూడా వద్దు. చీమలు రాకుండా ట్యాంక్ పక్కన నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. గదిలో అగరొత్తులు, రూమ్ ఫ్రెషనర్లు, సెంటెడ్ ఆయిల్ డిఫ్యూజర్లు కూడా పాము ఉన్న గది నుంచి తీసెయ్యండి.

క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు 2 శాతం ద్రావణంగా దొరుకుతుంది, లీటర్ నీళ్లకి 25 మిల్లీలీటర్లు కలిపితే 0.05 శాతం అవుతుంది, అది చాలు. ముందు సబ్బుతో మురికి పోగొట్టి తర్వాత ఇది పూసి పది నిమిషాలు ఉంచి కడగండి, మురికి ఉంటే ఏ మందూ పనిచెయ్యదు. బ్లీచ్ అయితే ఒక వంతుకి పది వంతుల నీళ్లు, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి ఆరబెట్టాకే పాముని పెట్టాలి, వెనిగర్‌తో మాత్రం కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రెట్ట, యూరేట్స్, వాటి చుట్టూ తడిసిన పొట్టు కనిపించిన రోజే తీసెయ్యాలి, మొత్తం మార్చడం రెండు మూడు నెలలకోసారి, ఈలోపు పుల్లటి వాసనో అమ్మోనియా వాసనో వస్తే అప్పుడే. గిన్నెలు కడిగే సింక్‌లో మాత్రం వద్దు, పాముల నుంచి మనకి సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి అందరికీ తెలిసిందే, చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్న పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

నిద్రపట్టని_బల్లి

అందరికీ అప్‌డేట్. పాము వచ్చింది, పేపర్ మీద బాగా తింది, రెట్ట పరీక్ష క్లీన్, వెట్ ఓకే అన్నాక కొబ్బరి ముక్కలకి మార్చా. వేడి పైనుంచే, థర్మోస్టాట్ పెట్టా, మూత ఫాయిల్‌తో మూశా, తేమ 62 దగ్గర నిలబడింది. కుబుసం కూడా తోక చివరి దాకా ఒకే ముక్కలో వచ్చింది, కంటి పొరలతో సహా!

కానీ నిన్న రాత్రి టార్చ్ వేసి చూస్తే నీళ్ల గిన్నె కింద చెమ్మ ఉన్న చోట సన్నగా తెల్లటి పురుగులు, దుమ్ములా ఉన్నాయి, కదులుతున్నాయి. మైట్సేనా? మొత్తం తీసేసి మళ్ళీ పేపర్‌కి వెళ్ళిపోవాలా?

కుబుసాల_కలెక్షన్

కంగారు పడకండి. పాము మైట్స్ మామూలుగా ఇలా తెల్లగా దుమ్ములా కింద కనిపించవు, రక్తం తాగినవి నల్లగా ఆవగింజ కన్నా చిన్న చుక్కల్లా ఉంటాయి, ఎక్కువగా పాము ఒంటి మీద కనిపిస్తాయి, కంటి చుట్టూ, గడ్డం కింద గాడిలో, పొలుసుల సందుల్లో. పాము గంటలు గంటలు నీళ్ల గిన్నెలో పడి ఉండటం, గిన్నె అడుగున నల్ల చుక్కలు మునిగి కనిపించడం, ఇవీ గుర్తులు. తెల్ల పేపర్ టవల్ తడిపి పాముని దాని మధ్య నుంచి నెమ్మదిగా జారనివ్వండి, తర్వాత పేపర్ చూడండి, నల్ల చుక్కలు కదులుతుంటేనో నలిపితే ఎర్రగా అంటితేనో అప్పుడు వెట్‌కి ఫోన్ చెయ్యండి, మార్కెట్లో దొరికే పురుగుల స్ప్రే సొంతంగా కొట్టకండి.

మీరు చెప్పినవి స్ప్రింగ్‌టెయిల్సో చెక్క మైట్సో అయి ఉంటాయి, బూజు తినేవి, పాముని ఏమీ చెయ్యవు. ముట్టుకుంటే టప్పున ఎగిరితే స్ప్రింగ్‌టెయిల్స్, మెల్లగా పాకితే రెండోవి. గిన్నె కింద తడి ఎక్కువైందని అర్థం, గిన్నె ఒలుకుతోందేమో చూడండి, అక్కడి పొట్టు ఒక గుప్పెడు తీసి పొడిది వేసి, గిన్నెని ఒక చిన్న పలక మీద పెట్టండి.

మట్టి_మిత్ర

స్ప్రింగ్‌టెయిల్స్ అయితే పారెయ్యకండి, మేము వాటిని కొనుక్కుంటున్నాం ఇక్కడ.